గురువారం బండి

నరసరావుపేటలో పల్నాడు రోడ్డు మీదున్న ఆఫీసుకు ఆ సోమవారం నిస్సీ అందరికంటే ముందు వచ్చింది. తాళం తీసే మనిషి ఇంకా రాలేదు. మెట్ల మీద నిలబడి ఫోన్లో మెసేజీలు చూసుకుంటూ ఉంది. మధ్యాహ్నం విజయవాడ నుంచి పంపుల కంపెనీ వాళ్ళు వస్తున్నారు. పాత పనులు చూసి నేర్చుకునేలా ఆమె కంప్యూటర్లో తయారుచేసిన న్యూరల్ నెట్‌వర్క్ ఎలా పనిచేస్తుందో చూస్తారు. వాళ్ళకు నచ్చితే తమ డీలర్ల దగ్గర కూడా పెట్టుకుంటామన్నారు. అదే జరిగితే నిస్సీ ఉద్యోగం ఖాయమవుతుంది. లేకపోతే ఏమవుతుందో ఓనరు వెంకటప్పయ్య గారు చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

ఇంట్లో మాత్రం ఆ సంగతి అందరికీ తెలిసిపోయింది. అమ్మ మణెమ్మ ఏటా ఎండాకాలంలో మిర్చి కొట్లలో తొడిమలు తీసే పనికి పోతుంది. నాన్న అంతోని కూలికి పోతాడు. ఆ ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి నిస్సీయే. నిన్న ఆదివారం అమ్మ పాస్టరు గారి దగ్గరికి పోయి కూతురి పేరు పెట్టి ప్రార్థన చేయించింది. చర్చి నుంచి బయటికి వస్తుంటే ప్రతివాళ్ళూ ఆపి, రేపే కదమ్మా, అని అడిగారు. అప్పటినుంచీ నిస్సీకి అన్నం సయించడం లేదు.

వెంకటప్పయ్య గారిది చల్లబరిచే మిషన్లు బాగుచేసే వ్యాపారం. మిర్చి కోల్డ్ స్టోరేజీలు, ఐసు ఫ్యాక్టరీలు, పాల కేంద్రాలు, హోటళ్ళు, మందుల షాపులు, అన్నిటికీ మిషన్లు బాగుచేసేది ఆయన మనుషులే. మొదట్లో పుల్లైసు బళ్ళు బాగుచేస్తూ సంచీ భుజాన వేసుకుని తిరిగిన మనిషి. కంప్లయింటు ఫోన్లన్నీ మొన్నమొన్నటి దాకా ఆయనే ఎత్తేవాడు. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళకు మెకానిక్ ముందు పోయేవాడు. ఎవరు బంధువైతే వాళ్ళకు ఇంకా ముందు పోయేవాడు. దాంతో ఇద్దరు పెద్ద ఖాతాదార్లు మొహం మీదే నాలుగు మాటలు అనేసి వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. అప్పుడే ఆయన నిస్సీని పిలిచి, ఎవరి మొహమూ చూడకుండా ఏ పని తొందరో ఏది కాదో తేల్చే మిషనొకటి కావాలన్నాడు.

నిస్సీ ఒళ్ళు వంచి పనిచేసింది. ఫోన్లలో, మెసేజీల్లో కొన్నేళ్ళుగా వచ్చి రిజిస్టర్లో చేరిన కంప్లయింట్లన్నీ తీసుకుంది. పాత కంప్లయింటు ఒక్కొక్కటీ చూపించి, దానికి మెకానిక్ ఎంత త్వరగా వెళ్ళాడో జవాబుగా చెబుతూ నెట్‌వర్క్‌కు నేర్పింది. అదే రోజు కదిలారంటే అది తొందర పని. రెండు రోజులకు వెళ్ళారంటే ఓ మోస్తరు. పని తెలిసిన మనుషులు చేసినదే కదా, అంతకంటే మంచి జవాబు ఇంకెక్కడ దొరుకుతుంది అనుకుంది. ఇప్పుడు ఖాతాదారు మెసేజీ పెట్టగానే అది చదివి తెర మీద రంగు చూపిస్తుంది. ఎరుపు పడితే వెంటనే పోవాలి. పసుపు పడితే మర్నాటిలోగా పోవాలి. ఆకుపచ్చ పడితే బండి ఆ దారిన వెళ్ళినప్పుడు చూసుకోవచ్చు. ఎన్నిసార్లు పరీక్ష పెట్టినా పదింట తొమ్మిది సరిగ్గా చెప్పింది. వెంకటప్పయ్య గారు మెకానిక్కులందరినీ నిలబెట్టి, ఇకనుంచి తెర చెప్పినట్టే పోవాలని, తెర దాటి పోయినవాడికి ఆ రోజు జీతం లేదని చెప్పేశాడు. ఖాతాదార్లకు కూడా ఫోన్లు చేయొద్దని, మెసేజీలే పెట్టమని కబురు పంపించాడు.

మెకానిక్కులు దాన్ని నిస్సీ బుర్ర అంటారు. పెద్ద మెకానిక్ మీరా సాహెబ్ ఆ రోజు పొద్దున్నే వచ్చి టీ గ్లాసు పట్టుకుని తెర ముందు నిలబడ్డాడు.

“ఏందమ్మాయ్, ఇయ్యాల నీ బుర్ర ఎటు పొమ్మంటంది?”

తెర మీద ఎర్రగా ఒకటే వెలుగుతోంది. ఊళ్ళోనే ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చింది. కొట్లో మిషను కాదు, ఓనరు కూర్చునే గదిలో ఏసీ చల్లగా రావడం లేదట. మీరా సాహెబ్ అది చదివి, టీ చివరి గుక్క తాగి, “మిరగాయలు బానే ఉన్నయ్యంట, ఆయనే ఎండిపోతన్నాడంట,” అని సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. నిస్సీ కూడా నవ్వింది. నవ్విందే గానీ, ఏసీ ఎరుపులో ఎందుకు పడిందా అని ఆగి ఆలోచించలేదు. ఆమె బుర్ర నిండా మధ్యాహ్నమే ఉంది.

కాసేపటికి వెల్దుర్తి నుంచి మెసేజీ వచ్చింది. అక్కడ తహసీన్ అనే ఆవిడ పాలు చల్లబరిచే కేంద్రం నడుపుతుంది. చుట్టుపక్కల పాలన్నీ పొద్దునా సాయంత్రమూ అక్కడి తొట్టిలోకి చేరతాయి. సాయంత్రం డెయిరీ ట్యాంకరు వచ్చి తీసుకుపోతుంది. “కంప్రెసరు ఆగి ఆగి తిరుగుతుంది. ఫ్యాను దగ్గర కాలిన వాసన వస్తుంది. పొద్దుటి పాలు సరిగా చల్లబడలా. గురువారం బండి వచ్చినప్పుడు చూడగలరు.” నెట్‌వర్క్ దానికి ఆకుపచ్చ ఇచ్చింది. నిస్సీ చదివింది. ఆవిడే గురువారం అంటున్నప్పుడు ఇంకేముంది అనుకుని కిందికి జరిపేసింది.

గురువారం బండి అంటే ఆ ఆఫీసులో అందరికీ తెలుసు. గురజాల, మాచర్ల మీదుగా వెల్దుర్తి దాకా వారానికొక్కసారి బండి పోతుంది. ఒక్క కంప్లయింటు కోసం అంతదూరం డీజిలు తగలేయడమెందుకని, ఆ వైపు వచ్చినవన్నీ పోగుచేసి గురువారం ఒక్కసారే తిరిగి రావడం వెంకటప్పయ్య గారు ఎప్పుడో పెట్టిన పద్ధతి.

పదకొండు దాటాక నిస్సీ మధ్యాహ్నం చూపించబోయేదాన్ని ఒకసారి సాధన చేద్దామని కూర్చుంది. ఒక్కో రంగుకూ ఒక్కో ఉదాహరణ కావాలి. ఆకుపచ్చకు వెల్దుర్తి మెసేజీ బాగుంటుందనిపించింది. అయితే బయటివాళ్ళ ముందు ఖాతాదారు పేరూ ఊరూ చూపించకూడదు కదా. అందుకని పేరు తీసేసి, ఊరి గడిలో వెల్దుర్తి ఉన్నచోట నరసరావుపేట అని మార్చి నొక్కింది.

ఎరుపు పడింది.

పొరపాటున ఇంకేదో నొక్కానేమో అనుకుని మళ్ళీ చేసింది. మళ్ళీ ఎరుపే. నరసరావుపేట తీసి గురజాల అని పెట్టింది. పసుపు వచ్చింది. వెల్దుర్తి పెట్టింది. ఆకుపచ్చ. మాటలన్నీ అవే, మారింది ఊరొక్కటే. చివరి వాక్యం వల్లనేమో అని గురువారం మాట తీసేసి చూసింది. అయినా ఆకుపచ్చే. అప్పుడు తానే ఒక మెసేజీ కల్పించి రాసింది. వెల్దుర్తిలో ఐసు ఫ్యాక్టరీ, అమ్మోనియా లీకవుతోంది, మనుషులకు కళ్ళు మండుతున్నాయి. దానికి పసుపు వచ్చింది. రేపు చూసుకోవచ్చట.

నిస్సీకి ఏం జరిగిందో అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎంత త్వరగా వెళ్ళారో అదే జవాబని ఆమె నేర్పింది. వెల్దుర్తికి ఏనాడూ ఎవరూ త్వరగా వెళ్ళలేదు. మిషను కాలినా, పాలు విరిగినా గురువారమే వెళ్ళారు. అన్నేళ్ళ కంప్లయింట్లు చదివి అది నేర్చుకున్నది, ఆ ఊరి కష్టం తొందరలేని కష్టమని. పరీక్షల్లో అది పదింట తొమ్మిది సరిగ్గా చెప్పిందంటే, మనుషులు ఎప్పుడూ చేసినట్టే చెప్పిందని అర్థం. అది చూసుకుని ఆమె మురిసిపోయింది.

వెంటనే తహసీన్‌కు ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక ఎత్తింది. వెనకాల ఎవరో ఐసు దించుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“తహసీనక్కా, నేను నరసరావుపేట ఆఫీసు నుంచి నిస్సీని. మీ మిషను ఎట్టుంది?”

“ఎట్టుందని చెప్పను పాపా. ఇప్పుడైతే అసలు తిరగటంలా. మాచర్ల నుంచి ఐసు తెప్పించి, క్యాన్లలో పోసి మూతలు బిగించి పాలల్లోకి దింపుతన్నాం. పొద్దుటి పాలు పద్నాలుగు డిగ్రీల దగ్గిర ఆగినయ్. కిందికి దిగటంలా.”

“ఎంతసేపు ఆగుతయ్ అక్కా?”

“సాయంత్రం పాలు వెచ్చగా వచ్చి పడిందాకా ఆగుతయ్యేమో. అయ్యొచ్చి కలిసినయ్యంటే రెండూ పోతయ్.”

ఆ తర్వాత ఆవిడ చెప్పినది వింటూ నిస్సీ కుర్చీలోంచి లేచి నిలబడింది. పోయిన నెల ఒకసారి పాలు పులిశాయని ట్యాంకరువాడు వెనక్కి కొట్టాడట. డెయిరీ ఆఫీసరు వచ్చి, ఇంకొక్కసారి ఇలా జరిగితే కేంద్రం ఎత్తేసి వేరే ఊళ్ళో పెడతామని అందరి ముందూ చెప్పి పోయాడట. కేంద్రం పోతే ఆ ఊళ్ళో ఇంటికొక గేదెను పెట్టుకుని బతుకుతున్న ఆడవాళ్ళు పాలు ఎవరికి పోయాలి? వాళ్ళంతా పొద్దుటినుంచీ కేంద్రం ముందే కూర్చుని ఉన్నారట.

“మరి అంత తొందరైతే గురువారం రమ్మని రాశారేంది అక్కా?” అంది నిస్సీ. గొంతులో కోపం వినపడింది. ఆ కోపం ఎవరి మీదో ఆమెకే తెలియలేదు.

“ఎట్టాగూ గురువారమే గదా వచ్చేది,” అంది తహసీన్. “రారని తెలిసీ ఇయ్యాల రమ్మని రాసి, లేదనిపించుకోవటం దేనికి? మా వైపు అందరం అట్టానే రాస్తాం.”

ఫోన్ పెట్టేసి నిస్సీ తెర వంక చూసింది. మీరా సాహెబ్ ఇంకా ఆ ఏసీ దగ్గరే ఉన్నాడు. వెల్దుర్తి పోవాలంటే మూడు గంటల దారి. ఇప్పుడు బయలుదేరితే సాయంత్రం పాలు వచ్చే వేళకు అందుకోవచ్చు. తెర దాటి పొమ్మని ఆమె చెబితే అతను పోడు. పోతే జీతం పోతుంది. అలాంటప్పుడు తెరనే మార్చేస్తే? తహసీన్ కంప్లయింటు తెరిచి, ఊరి దగ్గర నరసరావుపేట అని కొట్టింది. ఎరుపు పడింది. ఇక ఒక్క మీట నొక్కితే మీరా సాహెబ్ ఫోన్‌కు చేరుతుంది. ఎవరినీ అడగనక్కర్లేదు. మధ్యాహ్నం పని మధ్యాహ్నం అయిపోతుంది, అమ్మ ప్రార్థన అమ్మకు దక్కుతుంది.

వేలు మీట మీదే పెట్టి కూర్చుంది. ఇవాళ ఒక్కటి ఇలా తప్పించవచ్చు. ఆమె చూడనివి, ఆమె లేనప్పుడు వచ్చేవి ఎవరు తప్పిస్తారు? ఈ అబద్ధం కూడా రేపు దానికి పాఠమై కూర్చుంటుంది. కొట్టింది చెరిపేసింది. లేచి వెంకటప్పయ్య గారి గదిలోకి వెళ్ళింది.

ఆయన ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకుని, వచ్చేవాళ్ళ కోసం స్వీట్లు ప్లేట్లలో సర్దిస్తున్నాడు. నిస్సీ చెప్పడం మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

“రేపు పొద్దున్నే పంపుదాంలే అమ్మాయ్. ఒక్కరోజుకి ఏమైద్ది?”

“రేపటికి పాలుండవు సార్. కేంద్రమే ఉండదంట.”

“నీ నెట్‌వర్క్ ఏమంది?”

“గురువారం అంది. అది తప్పు సార్. నేనే తప్పు నేర్పా.”

ఆయన స్వీటు ప్లేటు బల్ల మీద పెట్టాడు. అక్కడున్న మనిషిని బయటికి పొమ్మన్నాడు. తలుపు వేసుకున్నాక ఆయన గొంతు చిన్నదయింది. చిన్నదైనందుకే నిస్సీకి ఎక్కువ భయం వేసింది.

“ఇంకో గంటలో వాళ్ళు దిగుతారు. ఇప్పుడొచ్చి తప్పు నేర్పానంటావేందే? ఏం నేర్పావు?”

“మనం చేసిందే నేర్పా సార్.”

“అంటే?”

“వెల్దుర్తి వాళ్ళు ఏం రాసినా మనం గురువారమే పోయాం. అది చూసి, వాళ్ళకి ఏం జరిగినా తొందర లేదనుకుంటంది. అదే మాట పేట వాళ్ళు రాస్తే వెంటనే పొమ్మంటంది. మీరే చూడండి.”

ల్యాప్‌టాప్ ఆయన ముందు పెట్టి ఊరి పేర్లు మార్చి మార్చి చూపించింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు. అమ్మోనియా మెసేజీ దగ్గర ఆయన మొహం మారింది. అమ్మోనియా లీకైతే ప్రాణాలు పోతాయని ఆయనకు వేరే చెప్పనక్కర్లేదు.

“నా మొహమాటాలు వదిలిచ్చుకుందామని దీన్ని పెడితే,” అన్నాడు మెల్లగా, “ఇది నా దగ్గిరే చదువుకుందన్నమాట.”

ఆయన ఫోన్ తీసి మీరా సాహెబ్‌కు చేశాడు. ఏసీ ఎక్కడిదక్కడ వదిలేసి, ఫ్యాను మోటార్లూ కంప్రెసరు సామానూ బండిలో వేసుకుని వెల్దుర్తి పొమ్మన్నాడు. అవతల కోల్డ్ స్టోరేజీ ఓనరు పక్కనే ఉన్నట్టున్నాడు, ఫోన్ లాక్కుని ఏదో అన్నాడు. “ఒక్క పూట కిటికీ తీసుకుని కూర్చో బావా,” అని వెంకటప్పయ్య గారు పెట్టేశాడు. తర్వాత నిస్సీ వైపు తిరిగాడు.

“వచ్చినోళ్ళకి మాత్రం ఇదేం చెప్పమాక. బాగున్నయ్యి చూపియ్. మిగతాది తర్వాత మనం చూసుకుందాం.”

నిస్సీ తల ఊపింది. ఆయన మాట ఏనాడూ దాటిన మనిషి కాదు.

కంపెనీ వాళ్ళు ఇద్దరు వచ్చారు. నిస్సీ చూపించాల్సినవన్నీ చూపించింది. నోరు దాని పాటికది మాట్లాడుతూనే ఉంది గానీ ఆమె మనసు బండిలో ఉంది. పిడుగురాళ్ళ దాటి ఉంటుందా? గురజాల దగ్గర రోడ్డు పని జరుగుతోందన్నారు, అక్కడ ఆగిపోయి ఉంటుందా? మాచర్ల దాటాక దారిలో ఫోన్ అందదు. బల్ల కింద ఫోన్ ఒకటికి పదిసార్లు చూసుకుంది. వచ్చినవాళ్ళలో పెద్దాయన స్వీటు తింటూ, మా డీలర్లు మారుమూల ఊళ్ళలో కూడా ఉన్నారమ్మా, ఎంత దూరం వాళ్ళయినా దీనికి ఒకటేనా, అని అడిగాడు.

వెంకటప్పయ్య గారు గొంతు సవరించుకున్నాడు. నిస్సీ ఆయన వంక చూడలేదు. చూస్తే చెప్పలేనని తెలుసు.

“ఇంకా కాదు సార్,” అంది. “ప్రస్తుతానికి దూరం వాళ్ళకి అన్యాయం చేస్తోంది. ఇవాళే తెలిసింది. పాత కంప్లయింట్లన్నీ మళ్ళీ చదివి, ఎవరు ఎప్పుడు వెళ్ళారన్నది వదిలేసి, అసలు కష్టమేమిటో చూసి నేర్పాలి. అందుకు నెలలు పడతాయి.”

పెద్దాయన చేతులు తుడుచుకుని, అయితే అయ్యాకే మాట్లాడదాం, అన్నాడు. కారు వెళ్ళిపోయాక వెంకటప్పయ్య గారు గుమ్మంలోనే నిలబడిపోయాడు. తిట్టలేదు. లోపలికి పోతూ పోతూ, “చెప్పొద్దన్నా గదా,” అని మాత్రం అన్నాడు. ఉద్యోగం గురించి ఆయనా ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. అమ్మ ఫోన్ రెండుసార్లు వచ్చింది. నిస్సీ ఎత్తలేదు.

ఆరు కావస్తుండగా తహసీన్ నుంచి ఫోన్ వచ్చింది. దారిలో ఆలస్యమై మీరా సాహెబ్ ఇందాకే వచ్చాడని, ఫ్యాను మోటారు కాలి కంప్రెసరు వేడెక్కి ఆగిపోతోందని, మోటారు మారుస్తున్నాడని గబగబా చెప్పింది. సాయంత్రం పాలు తొట్టిలో పోయకుండా బయట క్యాన్లలోనే ఆపించానని కూడా చెప్పింది. ఫోన్ పెట్టేయమని నిస్సీ అనలేకపోయింది. తహసీన్ కూడా పెట్టేయకుండా పక్కన పెట్టినట్టుంది. పానాలు కింద పడే చప్పుడు, గేదెల ఆడవాళ్ళ మాటలు, మీరా సాహెబ్ ఎవరినో కసురుకోవడం, అన్నీ వినబడుతున్నాయి. తర్వాత మిషను మూలుగు మొదలై, ఆగకుండా సాగింది. ఎవరో అంకెలు చదువుతున్నారు. పన్నెండు. పది. చాలాసేపటికి ఎనిమిది. సాయంత్రం పాలు కొంచెం కొంచెంగా కలుపుతున్నారు, అంకె మళ్ళీ పైకి పోయింది, మళ్ళీ దిగుతోంది. ఇంతలో ట్యాంకరు హారను.

ఆ తర్వాత తొట్టి మూత తెరిచిన చప్పుడు. ట్యాంకరు మనిషి పాలు తీసి చూస్తున్నాడని నిస్సీ ఊహించుకుంది. వాసన చూస్తాడు, గొట్టంలో పోసి మందు కలిపి చూస్తాడు. ఇటు ఆఫీసులో లైట్లు వేశారు. వెంకటప్పయ్య గారు ఎప్పుడొచ్చాడో ఆమె కుర్చీ వెనకాల నిలబడి ఉన్నాడు.

పంపు మోటారు చప్పుడు వినిపించింది. పాలు ట్యాంకర్లోకి ఎక్కుతున్నాయి.

“తీసుకుంటన్నాడు పాపా,” అంది తహసీన్. ఇంకేదో అనబోయి, ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

వెంకటప్పయ్య గారు ఊపిరి వదిలి, ఇంటికి పొమ్మని చెప్పి తన గదిలోకి వెళ్ళాడు. నిస్సీ బ్యాగు తీసుకుంది. జిప్పు వేయబోతూ ఆగింది. తహసీన్ కేంద్రం దక్కింది సరే, తాను ఉదాహరణ కోసం వెతికింది కాబట్టి దక్కింది. వెతకనివి ఎన్ని ఉన్నాయో?

బ్యాగు కింద పెట్టి మళ్ళీ కూర్చుంది. తెర మీద ఆకుపచ్చ బుట్ట తెరిచింది. అందులో వారం నుంచి పడి ఉన్నవి వరసగా కనిపించాయి. బొల్లాపల్లి దగ్గర ఒక మందుల షాపు, ఫ్రిజ్ లోపల చెమ్మ పడుతోందని మొన్న శనివారం పెట్టిన మెసేజీ. ఆ ఫ్రిజ్‌లో ఏముంటాయి? షుగరు వాళ్ళ ఇన్సులిన్ ఉంటుంది. చెమ్మ పడుతోందంటే లోపల చల్లదనం ఉన్నట్టా, పోయినట్టా? పోతే ఆ మందు ఎవరికైనా అమ్మేశారా?

నంబరు కొట్టింది. అవతల మోగుతోంది. మోగుతున్నంతసేపూ నిస్సీ ఇంకో చేత్తో రెండో మెసేజీ తెరిచి చదువుతూనే ఉంది.

“ఎవురండీ?” అంది ఒక ముసలి గొంతు.

“నరసరావుపేట నుంచి నిస్సీనండీ, ఫ్రిజ్ బాగుచేసే ఆఫీసు. మీ ఫ్రిజ్‌లో మందులు ఇప్పుడు చల్లగా ఉన్నయ్యా? ఒకసారి చెయ్యి పెట్టి చూసి చెబుతారా? నేను ఆగుతా.”

ముసలాయన లేచిన చప్పుడు, చెప్పులు ఈడ్చుకుంటూ పోయిన చప్పుడు వినిపించాయి. నిస్సీ ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని ఆగింది.